ఆ దెయ్యానికి ఆ ఊళ్లోనే పని ఉండాలి

ప్రశ్న: నమస్కారమండీ. చిన్నప్పటి నుంచి బొమ్మలు వేస్తున్నాను. వెస్టర్న్ కథలంటే ప్రాణం, దెయ్యాల కథలన్నా అంతే. రెండూ కలిపి తెలుగులో ఒక వెబ్‌కామిక్ చేయాలని కూర్చున్నాను. కథ ఇది: 1880లలో అమెరికా పశ్చిమాన ఒక తుపాకీ వీరుణ్ని చేయని నేరానికి ఉరి తీస్తారు. అతను నరకంతో ఒప్పందం కుదుర్చుకుని తిరిగొచ్చి, తనను చంపినవాళ్లను ఒక్కొక్కరినే వేటాడతాడు. దారిలో వెండిగోలు, స్కిన్‌వాకర్లు, రక్తపిశాచులు, ఘోస్ట్ డ్యాన్స్‌తో లేచొచ్చే శవాల సైన్యం. ఒక ముసలి రెడ్ ఇండియన్ మాంత్రికుడు అతనికి శక్తులిస్తాడు. పాత్రలు నలభై దాటాయి, నోట్‌బుక్కులు నిండిపోయాయి, మొదటి పేజీ మాత్రం పడటం లేదు. వేసిన ప్రతిసారీ ఎక్కడో చూసిన సినిమాలాగే వస్తోంది. పైగా "అమెరికా ముఖం చూడనివాడివి, కౌబాయ్ కథ నీకెందుకురా" అంటున్నారు ఫ్రెండ్స్. ఎక్కడ మొదలుపెట్టాలి? రంగులు వేయాలా, నలుపు తెలుపు సరిపోతుందా? వారానికో ఎపిసోడ్ ఇవ్వాలని తలుచుకుంటేనే టెన్షన్‌గా ఉంది.
— ఒక చిత్రకారుడు

సమాధానం: మీ ఉత్తరంలో నలభై పాత్రలున్నాయి, ఒక్క ఊరి పేరు లేదు. మొదటి పేజీ పడకపోవడానికి కారణం అదేనని నాకు గట్టిగా అనిపిస్తోంది.

"అమెరికా పశ్చిమం" అంటే సగం ఖండం. చోటు తేల్చుకోకుండా పెన్ను పడితే చేతికి వచ్చేది ఇదివరకు చూసిన బొమ్మే. చేతులెత్తి నిలబడ్డ పెద్ద కాక్టస్, ఎర్రరాతి గుట్టలు, ఊగే తలుపుల సెలూన్. నిజానికి ఆ చేతుల కాక్టస్, సగ్వారో, పెరిగేది సొనోరా ఎడారిలో. అంటే దాదాపుగా అరిజోనా దక్షిణ భాగమూ, దాని కింద మెక్సికో. సినిమాల్లో కనిపించే ఆ ఎర్ర గుట్టలు అరిజోనా, యూటా సరిహద్దులో నవాహో అనే ఆదివాసీ ప్రజల నేల మీద ఉన్నాయి. ఈ రెంటినీ ఒకే ఫ్రేములో పెట్టి పక్కన ఒక గని, ఒక రైలు, ఒక ఉరికొయ్య వేస్తే అది ఏ ఊరూ కాదు. అలాంటి చోట చచ్చినవాడు లేచొచ్చినా చదివేవాడికి భయం కలగదు. అతను లేచింది ఎక్కడ నుంచో తెలియదు కదా.

నరకంతో ఒప్పందం అన్నది కూడా ఇదే కారణంగా తీసేయమంటాను. ఒప్పందం నరకంతో అయితే ఊరికి సంబంధం తెగిపోతుంది. అతను ఎక్కడికైనా వెళ్లగలడు, ఏమైనా చేయగలడు, హద్దంటూ ఉండదు. హద్దు లేని దెయ్యంతో రెండు ఎపిసోడ్లు నడుస్తాయి, మూడోదానికి ఇంకా పెద్ద రాక్షసుణ్ని తేవాలి, నాలుగోదానికి ఇంకా పెద్దవాణ్ని. మీ నలభై పాత్రలూ అలాగే పుట్టుకొచ్చి ఉంటాయి. వెస్టర్న్‌లో చచ్చినవాడు తిరిగొచ్చాడంటే ఆ ఊరు అతనికి ఏదో బాకీ పడి ఉండాలి. ఆ బాకీ తీరిస్తే ఊరు తనకు ప్రాణప్రదమైనది పోగొట్టుకోవాలి. ఈ రెండూ కుదిరాయంటే మీకు కథ ఉన్నట్టే. కుదరకపోతే ఎన్ని పిశాచాలు తెచ్చినా అలంకారమే.

ఎలాగో ఒక ఉదాహరణ కట్టి చూపిస్తాను. నచ్చితే వాడుకోండి.

1883 నవంబర్ 18, ఆదివారం. అప్పటిదాకా అమెరికాలో ఏ ఊరి టైము ఆ ఊరిది. నడినెత్తికి సూర్యుడు వచ్చిన వేళను బట్టి గడియారం పెట్టుకునేవాళ్లు. రైల్వే కంపెనీలకు ఇది పెద్ద తలనొప్పి. అందుకని అవి దేశాన్ని టైము మండలాలుగా విభజించుకుని, ఆ రోజు నుంచి ఒక్కో మండలానికి ఒకే టైము పాటించాయి. ప్రతి మండలంలోనూ తూర్పు వైపున్న ఊళ్లలో గడియారాలు వెనక్కి తిప్పాల్సి వచ్చింది. పాత లెక్కన పన్నెండు కొట్టింది, ముల్లు వెనక్కి జరిపారు, కాసేపటికి మళ్లీ పన్నెండు కొట్టింది. రెండు మధ్యాహ్నాల రోజు అనే దానికి పేరు పడింది.

ఇప్పుడు నెవాడా ఈశాన్యంలో, ఎల్కో ప్రాంతంలో, సెంట్రల్ పసిఫిక్ రైలు మార్గం మీద ఒక కల్పిత ఊరు పెట్టండి. అది దాదాపు 116 డిగ్రీల పశ్చిమ రేఖాంశం. పసిఫిక్ టైముకు ఆధారం 120 డిగ్రీలు. డిగ్రీకి 4 నిమిషాలు, కాబట్టి తేడా 16 నిమిషాలు. మీ ఊరు ఆ రోజే రైల్వే టైముకు మారిందనుకోండి. పాత గడియారం పన్నెండో గంట కొడుతుండగా వీధిలో ఒక మనిషిని కాల్చేశారు. శవం నేల మీద ఉంది. స్టేషన్ మాస్టర్ నిచ్చెనెక్కి ముల్లును 11:44కి తిప్పాడు. కొత్త టైము ప్రకారం ఆ మనిషి ఇంకా చావలేదు.

ఇక మీ నియమం తయారైపోయింది. రోజూ 11:44 నుంచి 12 దాకా అతను బతికే ఉంటాడు. నడుస్తాడు, మాట్లాడతాడు, తుపాకీ ఎత్తగలడు. పన్నెండు కొట్టగానే అదే చోట అదే గాయంతో పడిపోతాడు. పదహారు నిమిషాల్లో ఎంత దూరం నడవగలడో అంతవరకే అతని లోకం. గుర్రం ఎక్కితే ఆ లోకం కొంచెం పెరుగుతుంది. ఎవరైనా స్టేషన్ గడియారం పగలగొడితే ఏమవుతుంది? ఊరివాళ్లు పాత టైముకు తిరిగి వెళ్లిపోదామని ఓటు వేస్తే? నలభై పాత్రలు ఇవ్వలేని మలుపులు ఈ ఒక్క నియమం ఇస్తుంది.

అతనెవరు? ఆ రైలు మార్గం నెవాడా గుండా పడింది 1868, 69లలో. 1869 మే 10న యూటాలోని ప్రొమోంటరీ దగ్గర తూర్పు నుంచి వచ్చిన యూనియన్ పసిఫిక్ పట్టాలతో కలిసింది. సెంట్రల్ పసిఫిక్ తరఫున కొండలు తొలిచి పట్టాలు వేసిన కూలీల్లో ఎక్కువమంది చైనావాళ్లు. పని అయిపోయాక కొందరు దారి పొడవునా ఊళ్లలో ఉండిపోయి వంటపనీ, బట్టలుతికే పనీ, కూరగాయల సాగూ చేసుకున్నారు. 1882లో చైనా కూలీలు ఇక దేశంలోకి రాకుండా చట్టం వచ్చింది. మీ కథ నడిచేది దాని మరుసటి ఏడు. ఆ చనిపోయిన మనిషి అలా ఉండిపోయినవాడు అనుకుందాం.

అతనికి కావలసింది ప్రతీకారం అని పెట్టకండి. అమెరికాలో చనిపోయిన చైనావాళ్ల ఎముకలను కొన్నేళ్ల తర్వాత తవ్వి తీసి, శుభ్రం చేసి, సొంతూరికి పంపే ఆచారం వాళ్లలో నిజంగా ఉండేది. అందుకోసం వాళ్ల సంఘాలే డబ్బు పోగు చేసేవి. మీ మనిషికి తన తోటి కూలీలను పాతిపెట్టిన చోటు తెలుసు. వాళ్ల ఎముకలు ఇంటికి పంపాలి. ఆ సమాధుల మీదే ఇప్పుడు స్టేషన్ ఉంది. తవ్వాలంటే స్టేషన్ పడగొట్టాలి. స్టేషన్ లేకపోతే రైలు ఆగదు, రైలు ఆగకపోతే ఊరు లేదు. అతన్ని ఎందుకు కాల్చారో వేరే చెప్పక్కర్లేదు.

మరి మీ తుపాకీ వీరుడు ఏమయ్యాడంటారా? అతన్ని చంపకండి. డబ్బు తీసుకుని కాల్చింది అతనే. ఇప్పుడు రోజూ 11:44కి తాను చంపిన మనిషి లేచి వచ్చి ఎదురుగా కూర్చుంటాడు. ఊరు విడిచి పారిపోవచ్చు కదా అని చదివేవాడు అడుగుతాడు. ఎందుకు పారిపోడో మీరు కనిపెట్టాలి. ఆ జవాబే అతని పాత్ర. ఉరి తీసిన మనిషే కావాలని మీరు పట్టుబడితే సరే, అతన్నీ ఇలాగే అడగండి: ఉరితాడు ముడి వేసిందెవరు, ఆ చావుతో ఎవరికి ఏం దక్కింది, దక్కినదాని మీద ఊళ్లో ఏం కట్టారు?

ఇంకా లోతుకు వెళ్తే ఆ నేల కూడా ఉంది. అది పశ్చిమ షోషోనీ అనే ఆదివాసీ ప్రజల నేల. 1863లో రూబీ వ్యాలీ దగ్గర అమెరికా ప్రభుత్వం వాళ్లతో ఒప్పందం చేసుకుంది. రైలు మార్గానికీ, గనులకూ, వలసవాళ్ల రాకపోకలకూ వాళ్లు ఒప్పుకున్నారు, భూమిని మాత్రం రాసి ఇవ్వలేదు. అంటే మీ ఊరు మొత్తం తనది కాని చోట నిలబడి ఉంది. ఇది తెలిసి కథ రాస్తే షెరీఫ్ "ఇది మా ఊరు" అన్న ప్రతిసారీ ఆ మాట కింద ఇంకో మాట వినిపిస్తుంది. మీరు విడమరచి చెప్పనక్కర్లేదు.

ఇక్కడ కొంచెం కటువుగా మాట్లాడాలి, ఏమనుకోకండి. మీ శవాల సైన్యం సంగతి. ఘోస్ట్ డ్యాన్స్ ఒక ప్రార్థన. 1889 జనవరి 1న సూర్యగ్రహణం వేళ తనకు దర్శనం కలిగిందని నెవాడాకు చెందిన ఉత్తర పైయూట్ మనిషి వొవోకా చెప్పాడు. శాంతంగా ఉండండి, ఈ నాట్యం చేయండి, పోయిన మనవాళ్లు తిరిగి కలుస్తారు, నేల మళ్లీ పచ్చబడుతుంది అన్నది ఆ సందేశం. నేలా, ఆహారమూ, అయినవాళ్లూ పోగొట్టుకున్న ప్రజలు దాన్ని ఆశగా పట్టుకున్నారు. లకోటా ప్రజల్లో అది వ్యాపించడం చూసి ప్రభుత్వం బెదిరిపోయి సైన్యాన్ని దించింది. 1890 డిసెంబర్ 29న దక్షిణ డకోటాలోని వూండెడ్ నీ దగ్గర ఆ సైన్యం వందల మందిని చంపింది. వాళ్లలో స్త్రీలు, పిల్లలు ఎందరో. ఆ ప్రార్థనను శవాలను లేపే మంత్రంగా మార్చి వేస్తే, చనిపోయినవాళ్లనే రాక్షసులుగా చూపించినట్టవుతుంది. పైగా అది 1889 తర్వాతి సంగతి, 1883లో నడిచే కథకు కూడా సరిపోదు. దాన్ని పూర్తిగా వదిలేయండి.

వెండిగో ఉత్తరాన పెద్ద సరస్సుల చుట్టూ, కెనడా అడవుల్లో ఉండే ఆల్గాంక్వియన్ భాషల ప్రజల కథల్లోని, మనుషుల్ని తినే పిశాచం. మంచు, చలికాలం, ఆకలి దాని ప్రాణం. తెచ్చి ఎడారిలో పెడితే కొమ్ముల బొమ్మ మాత్రమే మిగులుతుంది. స్కిన్‌వాకర్, అంటే జంతువు రూపం ధరించే మంత్రగాడు, నవాహోల నమ్మకం, దాని గురించి బయటివాళ్లతో మాట్లాడటానికే వాళ్లలో చాలామంది ఇష్టపడరు. ఇష్టపడని విషయాన్ని మనం లాక్కోవడం ఎందుకు? ఆ ముసలి మాంత్రికుడి విషయం కూడా ఇంతే. తెల్ల హీరోకు శక్తులిచ్చి తప్పుకోవడం తప్ప అతనికి కథలో వేరే పని లేదు. 1880లలో నెవాడాలో చాలామంది షోషోనీలు పశువుల రాంచ్‌లలో పని చేసేవాళ్లు. మీ కథలో అలాంటి ఒక మనిషిని పెట్టండి. అతనికి జీతం బాకీ ఉండనివ్వండి, కోపం రానివ్వండి, నవ్వించే మాట కూడా ఒకటి ఇవ్వండి. అతన్ని షోషోనీ అనే పిలవండి, "రెడ్ ఇండియన్" అన్న మాట కథ చెప్పే గొంతులో రానివ్వకండి.

ఇన్ని తీసేస్తే ఏం మిగిలిందని బెంగ పడకండి. పశ్చిమానికి స్వయంగా వచ్చి చేరిన నమ్మకాలు బోలెడున్నాయి. ఇంగ్లండ్‌లోని కార్న్‌వాల్ నుంచి వచ్చిన గని పనివాళ్లు తమ వెంట టామీనాకర్లను తెచ్చుకున్నారు. గనిలో గోడల వెనక టకటకమని కొట్టే పొట్టి ఆత్మలు అవి. కొందరికి ఆ చప్పుడు గని కూలబోతోందన్న హెచ్చరిక, కొందరికి మంచి ఖనిజం దగ్గర్లో ఉందన్న సూచన. 1848లో న్యూయార్క్ రాష్ట్రంలో ఫాక్స్ అక్కచెల్లెళ్లతో మొదలైన ఆత్మలతో సంభాషణల మోజు, అంతర్యుద్ధంలో బిడ్డలను పోగొట్టుకున్న ఇళ్లలో బాగా పాకింది. విలియం మమ్లర్ అనే ఫొటోగ్రాఫర్ బతికున్నవాళ్ల వెనక చనిపోయినవాళ్లు కనిపించే ఫొటోలు అమ్మి, మోసం ఆరోపణ మీద 1869లో న్యూయార్క్ కోర్టులో విచారణ ఎదుర్కొన్నాడు. శిక్ష పడలేదు. ఊరూరా తిరిగే ఒక ఫొటోగ్రాఫర్ మీ ఊళ్లో సరిగ్గా ఆ 16 నిమిషాల్లో కెమెరా తెరిచాడనుకోండి. ఆ ఒక్క ఫొటో ప్లేటు కోసం ఎంతమంది కొట్టుకుంటారో ఆలోచించండి. వీటిలో కూడా ఒక్కటే తీసుకోండి. రెండో నమ్మకం వచ్చిందంటే మొదటిదాని బలం తగ్గుతుంది.

"అమెరికా చూడలేదు" అన్న మాటకు జవాబు: 1883ను ఎవరూ చూడలేదు. చూడాల్సిన కాగితాలు మాత్రం అందరికీ అందుబాటులో ఉన్నాయి. అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ సైట్‌లో శాన్‌బోర్న్ మ్యాపులని ఉంటాయి. అగ్నిప్రమాద బీమా కోసం 1867 నుంచి గీసిన ఊళ్ల పటాలు. ప్రతి కట్టడం కొలతలతో ఉంటుంది. గులాబీ రంగు వేస్తే ఇటుక కట్టడం, పసుపు వేస్తే చెక్కది. సెలూన్ పక్కన ఏముంది, బట్టలుతికే కొట్టు ఊరికి ఏ చివర ఉంది, నీళ్ల ట్యాంకు ఎక్కడుంది, అన్నీ కనిపిస్తాయి. ఆ కాలపు ఊరు ఒకటి ఎంచుకుని దాని మీద ట్రేసింగ్ చేసి మీ ఊరిని కట్టుకోండి. ఎవరు ఏ కిటికీలోంచి ఆ హత్య చూసి ఉండగలరో మ్యాపే చెబుతుంది. పాత పత్రికలు అదే లైబ్రరీ వారి క్రానికలింగ్ అమెరికాలో ఉచితంగా చదవచ్చు. ఫొటోలకు ఇద్దరిని పట్టుకోండి: సెంట్రల్ పసిఫిక్ పనులను తీసిన ఆల్‌ఫ్రెడ్ హార్ట్, 1867, 68లలో నెవాడా వర్జీనియా సిటీ గనుల్లోకి దిగి మెగ్నీషియం వెలుగులో ఫొటోలు తీసిన టిమతీ ఓ'సల్లివన్. ఆ గని ఫొటోలు చూశాక మీరు చీకటిని వేసే పద్ధతే మారిపోతుంది.

ఇక బొమ్మల సంగతి. ఇక్కడ అసలైన చిక్కు ఒకటుంది, దాన్ని మీరు ఉత్తరంలో అడగలేదు. వెస్టర్న్ అంటే వెడల్పు. ఫోన్ తెర ఇరుకు. నిలువుగా స్క్రోల్ చేసే కామిక్‌లో మైదానాన్ని అడ్డంగా వేస్తే అంగుళం ఎత్తు బొమ్మ అవుతుంది. అందుకని విశాలాన్ని నిలువుగా పట్టుకోవాలి. ఆకాశానికి మూడు తెరల ఎత్తు ఇచ్చి, అట్టడుగున ఒక గుర్రం, ఒక మనిషి వేయండి. బొటనవేలు అలిసిపోయేంతసేపు ఆకాశమే వస్తుంటే ఆ మనిషి ఎంత ఒంటరో తెలుస్తుంది. పట్టాలను పైన చుక్క దగ్గర మొదలుపెట్టి కిందికి వచ్చేకొద్దీ వెడల్పు చేయండి, రైలు చదివేవాడి మీదికే వస్తుంది. గని బావి, ఉరికొయ్య, నీళ్ల ట్యాంకు, టెలిగ్రాఫ్ స్తంభం, అన్నీ పుట్టుకతో నిలువే.

తుపాకుల పోటీ వేసేటప్పుడు ఇద్దరినీ ఒకే ఫ్రేములో అటూ ఇటూ నిలబెట్టకండి. పైన ఒకడి ముఖం. తర్వాత ఖాళీ వీధి. దుమ్ము, గుర్రపు డెక్కల గుర్తులు, ఎవరో పారేసుకున్న టోపీ. ఇంకా ఖాళీ వీధి. అప్పుడు రెండోవాడి బూట్లు. ఆ బూట్ల దగ్గరికి వెళ్లడానికి వేలు కదపాల్సింది చదివేవాడే కాబట్టి, ఆ టెన్షన్ అంతా అతని చేతిలో ఉంటుంది. ప్యానెళ్ల మధ్య ఖాళీయే మీ గడియారం. 11:44కి ముందు ఖాళీలు పొడుగ్గా వదలండి, పన్నెండు దగ్గరపడేకొద్దీ కుదించండి, ఆఖరి నిమిషంలో ప్యానెళ్లు ఒకదానికొకటి తగులుతుండాలి.

మధ్యాహ్నం అనగానే చాలామంది కాళ్ల కింద చిన్న గుండ్రటి నీడ వేసేస్తారు. నవంబర్ మూడో వారంలో, దాదాపు 41 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో, నడి మధ్యాహ్నం కూడా సూర్యుడు దాదాపు 30 డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. ఆరడుగుల మనిషి నీడ పది అడుగులు దాటుతుంది, ఉత్తరానికి పడుతుంది. మీ వీధి ఏ దిక్కుకు ఉందో నిర్ణయించుకుని ప్రతి ఫ్రేములోనూ నీడలు అటే వేయండి. ఇక చనిపోయినవాడికి నీడ లేదనుకోండి. అందరికీ పది అడుగుల నీడలున్న వీధిలో ఒక్కడికి లేకపోతే, ఒక్క మాట రాయకుండానే చదివేవాడి వెన్ను జలదరిస్తుంది. రాత్రి దెయ్యాలు ఎవరైనా వేస్తారు. ఎండలో వేసే అవకాశం ఈ కథలో ఉంది, వదులుకోకండి.

పొగ కూడా మరిచిపోకండి. అప్పటి తూటాల్లో నల్లటి పాతకాలపు తుపాకీమందు ఉండేది. ఒక్కసారి కాలిస్తే తెల్లటి పొగ దట్టంగా కమ్మేస్తుంది. గదిలో మూడు నాలుగు గుండ్లు పేలాక ఎవరు ఎక్కడున్నారో కనిపించదు. 1873 కోల్ట్ రివాల్వర్‌లో ఆరు గదులుంటాయి. జాగ్రత్తపరులు సుత్తి కింద ఒక గది ఖాళీగా వదిలి ఐదే నింపేవాళ్లు, లేకపోతే తుపాకీ కింద పడితే పేలిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి మీ పేజీలో గుండ్లు లెక్కపెట్టుకోండి, లెక్కపెట్టే పాఠకులు తప్పకుండా ఉంటారు. ఐదోది అయిపోయాక ఆరోది పేలితే అదొక సంఘటన కావాలి.

రంగుల గురించి నా అభిప్రాయం: ఒక్కరే పని చేస్తున్నారు కాబట్టి మూడు చాలు. ఎండకు మట్టి పసుపు, నీడకు నీలం, చనిపోయినవాడికి మాత్రమే వాడే మూడో రంగు ఒకటి. ఆ మూడో రంగు కథలో ఇంకెక్కడా పడకూడదు. ఎపిసోడ్ పదిలో అది ఒక బతికున్న మనిషి చొక్కా మీద కనిపించిందంటే ఏం జరగబోతోందో ఎవరికీ చెప్పనక్కర్లేదు. నలుపు తెలుపు కూడా బాగుంటుంది, కానీ ఈ అవకాశం పోతుంది.

మాటలు. మీ పాత్రలు తెలుగులో మాట్లాడతాయి. డబ్బింగ్ సినిమా తెలుగు రానివ్వకండి. మామూలు తెలుగులోనే ఒక్కొక్కరికి ఒక్కో నడక ఇవ్వండి. చైనా మనిషికి ముక్కలు ముక్కలైన తెలుగు, షోషోనీ మనిషికి పొడుపుకథల తెలుగు పెట్టడం మాత్రం దయచేసి వద్దు. తమ ఇంటి భాషలో వాళ్లు ఎంత ధారాళంగా మాట్లాడతారో అంత ధారాళంగా మాట్లాడనివ్వండి. మనకు మీరు, నువ్వు అనే రెండు ఉన్నాయి, వాటిని ఆయుధంలా వాడండి. షెరీఫ్ ఆ చైనా మనిషిని బతికున్నన్నాళ్లూ నువ్వు అన్నాడు. చచ్చి లేచొచ్చిన మొదటి రోజు మీరు అన్నాడు. ఆ ఒక్క బెలూన్‌లో అతని భయం అంతా ఉంటుంది.

బెలూన్ల విషయంలో చిన్న జాగ్రత్తలు. మన పదాలు పొడుగు, గుడులు పైకీ వత్తులు కిందికీ పోతాయి, కాబట్టి వరుసల మధ్య ఖాళీ బాగా వదలాలి. ఒక బెలూన్‌లో పది పన్నెండు పదాలు దాటితే రెండుగా విడగొట్టండి. పాత ఫోటోషాప్ వెర్షన్లలో టైప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి దక్షిణాసియా లిపులకు సరిపడే లేఅవుట్ పెట్టుకోకపోతే వత్తులు ఊడిపోతాయి. ఇంక్‌స్కేప్‌లో ఆ బాధ లేదు, ఉచితం కూడా. మాటలకు మండలి లాంటి ఫాంటు హాయిగా ఉంటుంది, అరుపులకు రామభద్ర. ఢాం, ఠప్ లాంటి చప్పుళ్లను మాత్రం ఫాంటులో పెట్టకుండా చేత్తో రాయండి. తుపాకీమందు పేలిన అక్షరానికి ఆ పొగ అంటుకుని ఉండాలి.

కాన్వాస్ కనీసం 1600 పిక్సెల్స్ వెడల్పులో వేసి 800కు తగ్గించి పెట్టండి, రేపు పుస్తకంగా వేయాలనుకుంటే ఇంకా పెద్దగా వేసుకోండి. ఏ వేదిక మీద పెట్టినా ఒప్పందంలో హక్కుల పేరా చదవకుండా ఒప్పుకోకండి.

వారానికో ఎపిసోడ్ వద్దు. అలా ఇచ్చేవాళ్లలో చాలామంది వెనక సహాయకులుంటారు. మీరు పదిహేను రోజులకొకటి, పాతిక ప్యానెళ్లకు మించకుండా ఇవ్వండి. ఆరు ఎపిసోడ్లు పూర్తయి చేతిలో ఉన్నాకే మొదటిది బయట పెట్టండి. నిల్వ మూడుకు పడిపోతే విరామం ప్రకటించి మళ్లీ నింపుకోండి, చెప్పి ఆగితే పాఠకులు ఆగుతారు. మొదటి ఎపిసోడ్‌లో లోకం నియమాలు వివరించే పెట్టెలు పెట్టకండి. నిచ్చెన ఎక్కుతున్న స్టేషన్ మాస్టర్‌తో మొదలుపెడితే నియమం దానంతటదే తెలుస్తుంది.

అసలు పెద్ద కథకు ముందు మూడు ఎపిసోడ్లలో ముగిసే చిన్న కథ ఒకటి చేయండి. అదే ఊరు, అదే గడియారం, ముగ్గురే మనుషులు: చనిపోయినవాడు, చంపినవాడు, నిచ్చెన ఎక్కినవాడు. మిగతా ముప్పై ఏడు మందినీ నోట్‌బుక్కులోనే ఉండనివ్వండి, ఎవరి అవసరం పడితే వాళ్లు వస్తారు. ఈ వారం చేయాల్సింది ఇంతే: మ్యాపు ఒకటి దింపుకోండి, వీధికి దిక్కు పెట్టండి, ఆ మూడు ఎపిసోడ్లకూ పెన్సిల్‌తో రఫ్ బొమ్మలు వేయండి, ముఖాలకు కళ్లూ ముక్కూ కూడా అక్కర్లేదు. వాటిని ఫోన్‌లో పెట్టి, కథ ముందుగా చెప్పకుండా, వెస్టర్న్‌లంటే ఆసక్తి లేని ఒకరికి ఇచ్చి స్క్రోల్ చేయమనండి. వాళ్ల వేలు ఎక్కడ ఆగిందో, ఎక్కడ వెనక్కి వెళ్లిందో రాసుకోండి. ఆ రఫ్‌లతో పాటు ఆ కాగితం కూడా నాకు పంపండి, రెండూ పక్కపక్కన పెట్టుకుని మాట్లాడుకుందాం.